పెద్ద మైదానము, నిండు మైదానము

హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు 2025వ సంవత్సరమున తెలుగునాడు విడిచి ఢిల్లీకి తరలిపోయినది. దాని పేరును మాఱిపోయినది. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ బ్లాస్టర్సు జట్టును జయించి ఇండియన్ సూపర్ లీగు కప్పును గైకొన్న క్లబ్బు ఇదియే. నాలుగేండ్లు నిండకమున్నే ఆ విజేతకు సొంత యూరిలో నిలువనీడ లేకపోయినది. క్లబ్బు పోయినది గాని, అది యాడిన గచ్చిబౌలి క్రీడారంగము ఎక్కడికిని పోలేదు. ఇంచుమించు ముప్పదివేల మందికి చోటుగల యా కట్టడము కట్టినచోటనే యున్నది. స్థలమునకు లోటు లేదు; కుర్చీలకు లోటు లేదు. లోటెక్కడ నున్నదో విచారించుటయే నేటి మా యుద్దేశము.

ఇది హైదరాబాదువారి గొడవ గదా, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతములవారి కేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. కారణము కలదు. ప్రతి నియోజకవర్గమునకును ఒక క్రీడాప్రాంగణ ముండవలెనను మాట కొన్ని యేండ్లుగా ప్రభుత్వముల నోట వినవచ్చుచున్నది. అమరావతియందు లక్షమందికి మించి కూర్చుండదగిన క్రికెట్టు స్టేడియమును కట్టవలెనను సంకల్పము 2025లో వెల్లడియైనది. రాజధానికి లక్ష కుర్చీలు వచ్చునపుడు మాకు పదివేలైనను రాకూడదా యని పడమటి నెల్లూరు యువకుడు అడిగినచో ఆ ప్రశ్నలో అన్యాయ మేమియు లేదు. అయితే పదివేల కుర్చీలు కట్టినపిదప వానిలో కూర్చుండువా రెవ్వరు? వారియెదుట ఆడువా రెవ్వరు? ఒక ఫుట్‌బాలు క్లబ్బు తనకున్న దానికంటె పెద్ద స్టేడియమును నింపగలదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనకుండ పునాదిరాయి వేయుట ప్రజాధనమునకు చేటని మా యభిప్రాయము.

హైదరాబాదునకు ఫుట్‌బాలు క్రొత్త గాదు. 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టే గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము మొదట బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలయందు నాలుగవస్థానము పొందినది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకమును తెచ్చినది. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాము ఆ రెండు జట్లలోను ఉన్నవాడు. ఆ దినములలో ఈ నగరమున గచ్చిబౌలివంటి కట్టడము లేదు. బడుల యాటస్థలములు, పోలీసులైనులు, మట్టినేలలు, వీనియందే ఆ వీరులు పుట్టిరి. 1963లో రహీము దివంగతుడైనాడు. పిమ్మటి దశాబ్దములలో నగరపు ఫుట్‌బాలు క్రమముగా వాడినది. కట్టడములు మాత్రము పెరిగినవి. 2002లో జాతీయ క్రీడలును, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలును హైదరాబాదున జరిగినవి. గచ్చిబౌలి రంగము ఆ వేడుకల కాలమున వెలసినది. ఆట పలుచబడిన కాలముననే కుర్చీలు దట్టమైనవి.

ఇట్టి స్థితిలో 2019లో క్రొత్త క్లబ్బు పుట్టినది. మొదటియేట లీగుపట్టికలో అట్టడుగున నిలిచినది. వెంటనే కోవిడు వచ్చెను. 2020-21, 2021-22 పోటీలు రెండును గోవాలోనే జరిగినవి. అనగా ఆ క్లబ్బు తన చరిత్రలోని గొప్ప ఘట్టమును సొంతజనమునకు దూరముగా గడిపినది. కప్పు గెలిచిన రాత్రి తెలుగువారిలో నూటికి తొంబదితొమ్మండుగురు ఆ సంగతిని తెరపై చూచినవారే, లేదా మఱునాడు పత్రికలో చదివినవారే. తిరిగి వచ్చిన కొలదికాలమునకే ద్రవ్యాభావము, జీతముల బకాయిలు, ఆటగాండ్రు విడిచిపోవుట వరుసగా ప్రాప్తించినవి. జనము రాకపోవుటయే దాని పతనమునకు ఏకైక కారణమని మేము చెప్పము. డబ్బు లేక చచ్చిన క్లబ్బు లన్ని దేశములలోను కలవు. అయినను కష్టకాలమున ‘ఇది మాది, పోనీయము’ అని అడ్డుపడువారు వేలసంఖ్యలో లేకపోయిరి. ముప్పదివేల కుర్చీలు ఆ యభిమానమును పుట్టింపజాలవు. అది వేఱొక నేలలో మొలచు పైరు.

పెద్ద స్టేడియమును కట్టిన చాలును, దానిని చూచుటకైనను జనము వచ్చునని వాదించువారు కలరు. ఇంగ్లండులోని డార్లింగ్టను పట్టణపు కథను వారికి మనవి చేయుచున్నాము. ఆ యూరి క్లబ్బు 1883 నాటిది. ఫీథమ్సు అను పాత మైదానమున నూటయిరువది యేండ్లు ఆడినది. దాని యధిపతి 2003లో ఇరువదియైదువేల కుర్చీలతో నొక క్రొత్త రంగమును కట్టించెను. మొదటి యాటను చూచుటకు పదకొండువేల పైచిలుకు జనము వచ్చినారు. క్రొత్త కట్టడమును చూచు ముచ్చట అంతటితో తీరినది. తరువాత రెండు మూడువేలమంది ఆ విశాలమందు అక్కడక్కడ కూర్చుండిరి. ఆ సంవత్సరము వెళ్లకమున్నే క్లబ్బు ఋణదాతల పాలైనది. 2012లో ఆ స్టేడియమును విడువవలసి వచ్చినది. ఆ కట్టడము రగ్బీ ఆటగాండ్ర కుపయోగపడినది. ఊరివారు తమ చందాలతో క్లబ్బును క్రిందిమెట్టునుండి మరల నిలబెట్టుకొనిరి. పాత యాటస్థలమున కెక్కువైన జనము క్రొత్త రంగమున కాననే కానరారు. ఖాళీ కుర్చీల నడుమ కూర్చున్నవానికి కేక వేయుటకైనను మనసొప్పదు; ఆ యుత్సాహభంగము వచ్చినవానిని సైతము రెండవసారి రానీయదు.

అదే దేశమున దీనికి ప్రతియైన యుదాహరణమును కలదు. లండనులోని ఆర్సెనల్ క్లబ్బు 2006లో ముప్పదియెనిమిదివేల చోట్లుగల హైబరీ మైదానమును విడిచి అఱువదివేల చోట్లుగల ఎమిరేట్సు రంగమునకు పోయినది. పోయి దానిని నింపినది. ఏమి భేదము? ఆర్సెనల్ వాకిట టిక్కెట్టు కొఱకు ఏండ్లతరబడి పేరు వ్రాయించుకొని వేచియుండినవారి జాబితా యుండెను. లోపల చోటు లేక వెలుపల నిలిచినవారి కొఱకు ఆ క్లబ్బు గోడను వెనుకకు జరిపినది. డార్లింగ్టను ముందు గోడను జరిపి పిమ్మట జనమును వెదకినది. ఇందులో ధనికదేశమని, పెద్ద నగరమని సమాధానము చెప్పుకొనుట చాలదు. వేచియున్నవారు ఉన్నారా లేరా యనునదే లెక్క.

మన దేశచరిత్రయే ఈ సత్యమును ఇంకను చక్కగా బోధించుచున్నది. 1911 జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాను జట్టు ఈస్టు యార్కుషైరు తెల్లసోల్జర్లను 2-1గా ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినది. పదునొకండుగురిలో పదిమంది వట్టికాళ్లతో ఆడినవారు. నాడు వారి కేపాటి స్టేడియ మున్నది? జనము పదులవేలుగా వచ్చి, చెట్లెక్కి చూచిరి. కానరాని దూరముననున్నవారికి గోలుల లెక్కను గాలిపటములపై వ్రాసి యెగురవేసి తెలిపిరి. ఆ దినమున మైదానమునకు గోడయే లేదు. అయినను అది నిండినది. ఆ యభిమానము తాత నుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు సంక్రమించి, 1997 జూలైలో ఫెడరేషను కప్పు సెమీఫైనలున మోహన్ బగాను, ఈస్టు బెంగాలు జట్ల యాటకు సాల్టులేకు రంగమునకు 1,31,781 మందిని రప్పించినది. ఎనుబదియాఱేండ్ల కాపుదలకు వచ్చిన పంట యది. విత్తనమునాడే గాదె కట్టుకొన్నవారు వంగదేశీయులు కారు.

కలకత్తా మహానగరము, మనవి పల్లెలు అని నిరుత్సాహపడ నక్కఱలేదు. కేరళలో మలప్పురము జిల్లాను చూడుడు. అక్కడ ‘సెవెన్సు’ అని జట్టు కేడుగురు చొప్పున ఆడు ఫుట్‌బాలు కలదు. వరికోసిన మడులలోను ఊరి బయళ్లలోను ఆడుదురు. వెదురుబొంగులతోను పోకమ్రాకులతోను తాత్కాలికముగా గ్యాలరీలు కట్టి, టిక్కెట్టు పెట్టి, పోటీలు నడపుదురు. కూలివాడును భూస్వామియు పక్కపక్కనే కూర్చుండి చూతురు. ఈ యలవాటు తరములుగా సాగిన చోట, మంజేరి యొద్ద పయ్యనాడున కట్టిన స్టేడియము 2022 మే 2వ తేదీన సంతోష్ ట్రోఫీ అంతిమపోటీనాడు కిటకిటలాడినది. కేరళజట్టు వంగజట్టును పెనాల్టీలలో ఓడించినది. మంజేరి మహానగరము కాదు. అచ్చటి మడిగట్లు ముందు నిండినవి. పిమ్మట మెట్లు నిండినవి. ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. అదే జిల్లాలో 2022 మార్చిలో అట్టి తాత్కాలికపు గ్యాలరీ యొకటి జనభారమునకు కూలి పలువురు గాయపడిరి. కావున మలప్పురము నుండి మనము ఉత్సాహమును గ్రహింపవలెను, వెదురును గాదు.

ఇంతవఱకు చెప్పినదానిని మన ప్రాంతపు రైతు ఒక్కమాటలో అర్థము చేసికొనగలడు. పెన్నానదిపై సోమశిల జలాశయము కట్టబడినది. అది 78 టి.ఎం.సి.ల నీటిని పట్టును. కట్టు యెత్తును నిర్ణయించుటకు ముందు ఇంజనీర్లు విచారించు విషయములేవి? పైన పరీవాహక ప్రదేశమెంత, ఏ యేట ఎంత వఱద, ఎన్నియేండ్ల కొకసారి యెంత ప్రవాహము అని. కట్ట యెత్తు పెంచినంత మాత్రమున పైన వాన కురియదు. ప్రేక్షకుల విషయమునను ఇంతే. క్లబ్బునకు ఒక పరీవాహక ప్రదేశము కలదు. అది చుట్టుపట్ల బడులు, వానిలో బంతి తన్ను పిల్లలు, ఆ పిల్లల తల్లిదండ్రులు, వెనుకటి యాటగాండ్రు, ఆటచూచి చీకటిపడకమున్నె యిల్లు చేరగల పల్లెలు. వీనిని లెక్కింపక కుర్చీలను లెక్కించుట వాగును చూడక ఆనకట్ట వేయుట వంటిది.

ఉదయగిరివారికి వేఱొక సాక్ష్యము కన్నులయెదుటనే యున్నది. మూడువేల యడుగులకు మించిన కొండపై దుర్గము. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గజపతులనుండి దానిని గైకొనినాడు. నేడు ప్రాకారములున్నవి, కాపురములు లేవు. ఆ గోడలను మేము చిన్నచూపు చూచుటలేదు. తెలుగువారి కవి గర్వకారణములే. రాజ్యము, సేన, రాకపోకలు ఉన్ననాడు అవి నిండియుండెను. అవి పోయిననాడు రాతిగోడ యెంత గట్టిదైనను నిండుదనమును నిలుపలేకపోయినది. మనుషులు నిలుపనిదానిని రాయి నిలుపదని కొండమీది కోటయే చెప్పుచుండగా, కొండక్రింద సిమెంటుతో మఱల అదే పాఠమును నేర్చుకొననేల?

ఇక మన పరీవాహక ప్రదేశమెట్లున్నదో నిష్పక్షపాతముగా చూతము. పడమటి నెల్లూరు పల్లెలలో సాయంకాలమున కనబడు ఆటలు క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ. 2023 డిసెంబరు 26వ తేదీన రాష్ట్రప్రభుత్వము ప్రారంభించిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలలో క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటను అను అయిదాటలకు చోటు దొరికినది, ఫుట్‌బాలునకు దొరకలేదు. గ్రామగ్రామమునను ఆడించదలచినవారే ఫుట్‌బాలును విడిచిపెట్టిరనిన, ఆ యాట మన పల్లెల నెంతవఱకు చేరినదో తెలియుచున్నది. ఉదయగిరినుండి నెల్లూరు పట్టణమునకు ఇంచుమించు నూఱు కిలోమీటర్లు. కుఱ్ఱవాడు అచ్చటికి పోయి నేర్చుకొని సాయంకాలమునకు తిరిగి వచ్చుట దుర్లభము. కావున ఈనాడు ఇచ్చట ఒక ఫుట్‌బాలు క్లబ్బు పెట్టి పదివేల కుర్చీల రంగమును దానికి అప్పగించినచో నిండునా యని అడిగిన, నిండదని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము. పది సంవత్సరముల కృషి పిమ్మట నిండునా యని అడిగిన, అది ఆ పదియేండ్లు మనమేమి చేయుదుమను దానిపై నున్నది.

కట్టుట యొక్క ఖర్చు. పోషించుట మఱొక్క ఖర్చు. ఫుట్‌బాలు ఆటస్థలము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. దానిపై పచ్చిక పెంచినచో వేసవిలో అయిదు మిల్లీమీటర్ల నీరు ఒక్కతడవ పెట్టుటకు ముప్పదియైదువేల లీటర్లకు పైగా కావలెను. అనగా అయిదువేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఉదయగిరి మెట్టపల్లెలలో వేసవి వచ్చినచో త్రాగునీటి ట్యాంకరు కొఱకు బిందెలు వరుసదీరి యుండుట మన మెఱుగుదుము. ఆ బిందెల యెదుటినుండి ఏడు ట్యాంకర్లు పచ్చికకు పోవుచున్నచో ఆ యాటను ప్రేమించువా రెవ్వరు? పచ్చిక యెండినచో, ఆడువారు లేక తాళము పడినచో, రెండేండ్లలో సర్కారుతుమ్మ మొలచును. పగిలిన కుర్చీలును, తుప్పుపట్టిన గేటును, శిలాఫలకమును మిగులును. శిలాఫలకమునందలి పేర్లు మాత్రము చక్కగా చదువవచ్చును.

దీనికి ప్రతివాదము కలదు. అది బలమైనదే. ‘కోస్తాకు కాలువలు, రేవులు, పట్టణములకు కళాశాలలు, ఆస్పత్రులు, పడమటి మెట్టకు ఎప్పుడును మిగిలినదే. ఇప్పుడు చిన్నది చాలునంటిమా, శాశ్వతముగా చిన్నదే గతి. ఇచ్చునపుడే పెద్దది పుచ్చుకొనవలెను’ అని పెద్దలు కొందఱందురు. తరతరముల యుపేక్ష నెఱిగినవారి మాట యిది. దీనిని త్రోసివేయుట మాకు తగదు. కాని పెద్దది పుచ్చుకొనవలసినది దేనిని? కాంక్రీటునా? నేలనా? కాంక్రీటు నేడు కాకున్న రేపు వచ్చును. ఊరినడుమ నేల పోయినచో మఱల రాదు. ఆత్మకూరువంటి పెరుగుచున్న పట్టణమున నేటి ఖాళీస్థలము రేపటి ఇండ్లప్లాటు. కావున భూమిని పెద్దదిగా అడుగుడు, కట్టడమును చిన్నదిగా అడుగుడు. ఇదియే మా సలహా.

లెక్క చెప్పెదము. ఆటస్థలము మాత్రము ఒకటి ముప్పాతిక యెకరము. చుట్టును కట్టకును, త్రోవకును, బండ్లు నిలుపుటకును, పిల్లల సాధనకు వేఱొక స్థలమునకును కలిపి ఆఱేడెకరములు చాలును. ఆ భూమిని బస్సుస్టాండునకు నడకదూరములో, ఆటలకు తప్ప వేఱొకదానికి వాడరాదను నిబంధనతో, శాశ్వతముగా వ్రాయించి పెట్టవలెను. నాలుగు వైపులను మట్టికట్ట పోసి మెట్లు తీయవలెను. ఆటస్థలపు చుట్టుకొలత ఇంచుమించు మున్నూటయేబది మీటర్లు. మనిషికి అరమీటరు చొప్పున ఒక వరుసకు ఏడువందలమంది, నాలుగు మెట్లకు 2,800 మంది సుఖముగా కూర్చుండవచ్చును. మట్టికట్ట కూలదు, తుప్పుపట్టదు. పడమటివైపు నొక చిన్న కప్పు, స్త్రీలకు పురుషులకు వేఱువేఱుగా మరుగుదొడ్లు, త్రాగునీరు, రెండు బట్టలు మార్చుకొను గదులు ఉన్న మొదటి పదియేండ్లకు చాలును. ఉదయగిరి చెక్కపని వారు గరిటెను కుండలోతు నెఱిగి చెక్కుదురు. ఆ పాటి కొలత మన ప్రణాళికలకును ఉండదగును.

తరువాత లెక్కింపుడు. వచ్చిన జనమును లెక్కించుటకు కొన్ని నియమము లుండవలెను. ప్రారంభోత్సవదినపు జనమును లెక్కలోనికి తీసికొనరాదు. మంత్రిగారు వచ్చిననాటి జనము అసలే తగదు. ఉచితపు పాసులను లెక్కింపరాదు. పదిరూపాయలైనను ఇచ్చి వచ్చినవానినే లెక్కింపవలెను. పండుగనాటి అంతిమపోటీని విడిచి, సాధారణమైన ఆదివారమున నడిమిపోటీకి వచ్చినవారిని చూడవలెను. పొరుగుపల్లెలనుండి ఎందఱు, స్త్రీలు ఎందఱు, రెండవసారి మూడవసారి వచ్చినవారెందఱు అని వ్రాసి పెట్టవలెను. వరుసగా మూడేండ్లు ఆ మట్టికట్ట సాధారణదినములలోనే నిండి, జనము నిలుచుండి చూచు స్థితి వచ్చినచో, నాడు ఒకవైపు కాంక్రీటు మెట్లు కట్టుడు. అవి నిండిన పిదప రెండవవైపు. ఇట్లు కట్టినది ఏనాడును వెలితిగా నుండదు. ఆ యూరివారి కోరిక కంటె ఎప్పుడును ఒక మెట్టు చిన్నదిగనే యుండును. అదే దాని యారోగ్యము.

జనమును పుట్టించుట యెట్లను ప్రశ్నకు దూరము పోనక్కఱలేదు. మనకంటె వాన తక్కువైన అనంతపురమున గ్రామీణాభివృద్ధి ట్రస్టువారు క్రీడాగ్రామమును నెలకొల్పి పల్లెల బాలబాలికలకు ఫుట్‌బాలు, హాకీ మున్నగు ఆటలను నేర్పి, పిల్లల లీగులు నడపినారు. వారు ముందు పిల్లలను చేరదీసిరి. హైదరాబాదు సమీపముననే శ్రీనిధి దక్కను క్లబ్బు చిన్న మైదానమున ఆడుచునే 2022-23, 2023-24 సంవత్సరములలో ఐ-లీగున రెండవస్థానమున నిలిచినది. గెలుపునకు పెద్ద కట్టడము అవశ్యకము కాదని దానివలనను తెలియుచున్నది.

మన ప్రాంతపు భూస్వాములకు ఈ పనిలో గొప్ప భాగము కలదు. మొలగొలుకులు పండిన మడి కోతయైన పిమ్మట కొన్ని వారములు ఖాళీగా నుండును. చదునైన యొక మడిని ఆ వారములలో ఊరి కుఱ్ఱలకు విడిచిన రైతునకు నష్టమేమియు లేదు. గడ్డివాము నొక మూలకు జరిపిన చాలును. మలప్పురము అట్లే మొదలిడినది. ఆత్మకూరు, ఉదయగిరి వర్తకులు నాలుగు బంతులును, రెండు జతల దుస్తులును, గెలిచినవారి కొక చిన్న కప్పును ఇచ్చిన చాలును. వ్యాయామోపాధ్యాయులు బడికొక జట్టును సిద్ధపఱచవలెను; రహీముగారు బడిపంతులని వారు మఱువరాదు. రెండు పట్టణములకు రెండు క్లబ్బులేర్పడి ఏట రెండుమార్లు ఒకరియూరి కొకరు పోయి ఆడినచో, దేశమున నేటికిని జనమును రప్పించు ఆ బలమైన కారణము, అనగా పొరుగూరివానిని ఓడించు ముచ్చట, తనంతట పుట్టును. దానికి ప్రభుత్వపు మంజూరు అక్కఱలేదు.

బాలికలను వెలుపల నుంచుట గొప్ప తెలివితక్కువ. ఊరిలో సగముమంది రాకూడని మైదానము ఎంత చిన్నదైనను సగమే నిండును. వారు ఆడుటకు వేళలను, చూచుటకు భయములేని చోటును మొదటిదినముననే యేర్పఱచవలెను.

క్లబ్బు ఎవరి చేతిలో నుండవలె నను ప్రశ్న అన్నింటికంటె పెద్దది. ఒక్క ధనికుని దయపై నిలిచిన క్లబ్బు ఆయన మనసు మాఱిననాడు మఱొక నగరమునకు పోవును. లేదా ఆయనతోబాటు మునుగును. ఏటి కొక వందరూపాయలు చందా యిచ్చు సభ్యులు అయిదువందలమంది యున్నచో ఆ సొమ్ము స్వల్పమే. కాని ఆ యైదువందలమంది లెక్కలు అడుగుదురు, సంవత్సరాంతమున జమాఖర్చు సభలో చదివించుకొందురు, క్లబ్బును అమ్మజూచినచో అడ్డుపడుదురు. డార్లింగ్టనులో అంతయు పోయిన పిమ్మట మిగిలి క్లబ్బును నిలబెట్టినవారు ఇట్టి చందాదారులే. రాజకీయకక్షలు ఈ క్లబ్బు గడప దాటి లోనికి రానీయరాదు. నేడొక నాయకుని పేర వెలసినది రేపు మఱొకని చేత మూతపడుట మన రాష్ట్రమున క్రొత్త గాదు. ఊరి పేరు తప్ప వేఱొక పేరు దానికి వలదు.

ఒక జాతి తన బలమును తాను తెలిసికొనుటకు క్రీడాస్థలము మంచి బడి. వట్టికాళ్లతో ఆడిన పదుగురు బంగాళీయువకులు 1911లో దేశమునకు నేర్పిన పాఠము కట్టడము లిచ్చిన పాఠము కాదు. తమ జట్టును తామే పెంచుకొని, తమ కాళ్లపై తాము నిలిచి, ఎదుటివాని పేరునకు వెఱవక ఆడుట వారు నేర్పిరి. స్వపరిపాలన వచ్చినపిదప మన మా పాఠమును మఱచి, ప్రతిదానికిని మంజూరు కొఱకు ఎదురుచూచుట కలవాటుపడితిమి. ఇచ్చువారు కుర్చీల నీయగలరు గాని, కూర్చుండువారి నీయలేరు.

కావున రానున్న కోతల పిమ్మట ఉదయగిరి, ఆత్మకూరు పెద్దలు విన్నపపత్రములు వ్రాయుటకు ముందు ఒక మడిని చదును చేయించి గోలుస్తంభములు నాటింపుడు. ఆఱేడెకరముల నేలకై గట్టిగా అడుగుడు. అది మీ హక్కు. కుర్చీల సంఖ్యను మాత్రము మీ పిల్లల పాదములు నిర్ణయింపనిండు. మట్టికట్టపై చోటు చాలక జనము త్రోసికొను ఆదివారము వచ్చిననాడు పెద్ద స్టేడియము కావలెనని అడుగుటకు మీ కెవ్వరి సిఫారసును అక్కఱయుండదు. ఆనాడు మా పత్రికయు మీ పక్షమున నిలిచి వ్రాయును.